క్యాన్సర్ చికిత్సలో కొలెస్ట్రాల్ మాత్రలు: డాక్టర్ని అడిగే ముందు

"అటోర్వాస్టాటిన్ క్యాన్సర్‌కీ పనిచేస్తుందంట" అని ఎవరో ఫార్వర్డ్ చేశారని తిరుపతిలో మెడికల్ షాపుకెళ్లి కొనేయకండి. క్యాన్సర్ కణాలు పెరగడానికి కొలెస్ట్రాల్ వాడుకుంటాయి, అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్రలు, అంటే స్టాటిన్‌లు, దాని తయారీకి అడ్డుపడతాయి, ఆశంతా అక్కడే. కానీ 2017లో బయటికొచ్చిన బ్రిటన్ ట్రయల్‌లో, స్మాల్ సెల్ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 846 మందిలో, ప్రవాస్టాటిన్ అనే మరో స్టాటిన్ ఆయుష్షు పెంచలేదు.

ఇప్పటికే గుండె కోసం స్టాటిన్ వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. స్విమ్స్‌కో ఇంకెక్కడికో కీమోకి వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పే పట్టుకెళ్లి చూపించండి, "తెల్ల బిళ్ల సార్" అంటే ఎవరికి తెలుస్తుంది? క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, కొన్ని ఫంగస్ మందులు రాస్తే స్టాటిన్ సంగతి గుర్తుచేయండి, ఒంట్లో దాని మోతాదు పెరిగిపోవచ్చు. తొడలు, భుజాలు విపరీతంగా నొప్పి పుట్టి మూత్రం డికాక్షన్ రంగులో వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.