యువజన సంఘంలో ఏ మతం పిల్లలూ వెలి కాకుండా చూసుకోవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కొత్తగా యువజన సంఘమో, స్కౌట్ దళమో పెట్టేవారు ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. ఫలానా మతం వారిని చేర్చుకోబోమని నియమావళిలో రాసుకున్న సంఘం మన వైపు నాకు తారసపడలేదు. పిల్లలు దూరమయ్యేది ఎక్కడా రాయని అలవాట్ల వల్లనే. అందుచేత మీ సమావేశంలో మొదటి నిమిషం నుంచి చివరి వరకు ఏమేమి జరుగుతుందో ఒక కాగితం మీద వరుసగా రాసి, వాటిలో ఏది సంఘం పనికి అవసరమో, ఏది మన ఇంటి నుంచి తెచ్చుకున్న ఆచారమో విడదీయడంతో పని మొదలుపెట్టండి.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. కళింగపట్నం తీరాన ఒక శిబిరం మొదలుపెడుతూ కొబ్బరికాయ కొట్టి, వరుసలో ఉన్న పిల్లలందరికీ నేనే బొట్టు పెట్టాను. కాసేపటికి సరుగుడు చెట్ల వెనుక పన్నెండేళ్ల కుర్రవాడొకడు స్కార్ఫు కొస తడుపుకొని నుదురు తుడుచుకుంటూ కనిపించాడు. వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. నన్ను చూడగానే ఎర్రని మరక పడిన ఆ కొసను గుప్పిట్లో దాచేసుకున్నాడు. వద్దని చెప్పే వీలు వాడికి నేను ఇవ్వలేదు.

ప్రతిజ్ఞ విషయంలో దారి ఇదివరకే ఉంది. 1950లో ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ప్రతిజ్ఞలో దేవుని పట్ల కర్తవ్యం అనే మాట ఉన్నా, కోరుకున్నవారు దాని స్థానంలో ‘ధర్మం’ అనవచ్చునని ఆ సంస్థ నియమమే చెబుతోంది. బ్రిటన్‌లోని స్కౌట్ సంఘం దేవుని నమ్మనివారి కోసం 2014 నుంచి వేరే ప్రతిజ్ఞను అమలు చేస్తోంది. మీరు చేయవలసిందల్లా రెండు పాఠాలనూ వారం ముందే గోడ మీద పక్కపక్కన అంటించి, ఎవరు ఏది ఎంచుకున్నారో అడగకుండా అందరి చేతా ఒకే వరుసలో ప్రతిజ్ఞ చేయించడమే.

ప్రార్థన సమయంలో ‘ఇష్టం లేనివాళ్లు బయటికి వెళ్లండి’ అనడం మినహాయింపు కాదు, అది వెలివేతే. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే విద్యాసంస్థల్లో సమ్మతి లేకుండా, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, ఎవరినీ మత ఆరాధనలో పాల్గొనమని నిర్బంధించరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. కేరళలో జాతీయగీతం పాడకపోయినా మర్యాదగా లేచి నిలబడిన యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేస్తే, వారిని తిరిగి చేర్చుకోవాలని సుప్రీంకోర్టు 1986లో ఆదేశించింది. ఒక నిమిషం మౌనం పాటించండి. అందులో ఎవరి దేవుణ్ణి వారు తలచుకుంటారు, తలచుకోనివారూ పక్కనే నిలబడతారు.

మన ఊళ్లలో అసలు చిక్కు చందాల దగ్గర వస్తుంది. వినాయక చవితికో, అమ్మవారి సంబరానికో సంఘం పేరుతో ఇంటికింత అని వసూలు చేస్తారు. ఇవ్వని ఇంటి కుర్రవాడికి సంక్రాంతి క్రికెట్ జట్టులో చోటు దొరకదు. ఎవరూ పైకి అనరు, పేరు మాత్రం జాబితాలో ఉండదు. కాబట్టి సభ్యత్వ రుసుముకు ఒక పుస్తకం, పండుగ చందాకు మరొక పుస్తకం పెట్టండి. రెండవది ఇష్టమైనవారిదేనని సర్వసభ్య సమావేశంలో తీర్మానం రాసి సంతకాలు తీసుకోండి. జట్టును ఎంపిక చేసేవారి చేతికి చందా పుస్తకం ఇవ్వకండి. పూజ పెడితేనే విరాళం ఇస్తానన్న దాతతో, ఆ డబ్బు పండుగ లెక్కలో వేస్తామని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి.

సమావేశాలన్నీ ఆదివారం ఉదయమో, శుక్రవారం మధ్యాహ్నమో పెట్టకండి. రంజాన్ నెలలో శిబిరం తప్పనిసరైతే తెల్లవారకముందు భోజనం వండించండి. చేరిక దరఖాస్తులో కులం, మతం గడులు తీసేసి, వాటి స్థానంలో ‘ఏ వేళల్లో రాలేరు’, ‘ఏమి తినరు’ అనే రెండు ప్రశ్నలు పెట్టండి. కారణం రాయడానికి గడి ఉంచకండి.