బహుచర కలనం, 9వ భాగం: ద్విసమాకలనిలో వరస మార్చడం

గత భాగంలో ద్విసమాకలనిని (డబుల్ ఇంటిగ్రల్) లోపలి నుంచి బయటికి విప్పడం చూశాం. ఆ దారి ఎక్కడ మూసుకుపోతుందో, అప్పుడు ఏం చేయాలో ఈసారి చూద్దాం. బీటెక్ మొదటి ఏడాది పేపర్లో ‘చేంజ్ ఆఫ్ ఆర్డర్’ అని అడిగే లెక్క ఇదే. ఇంటిగ్రేషన్ చేయి తిరిగినవాళ్లు కూడా ఇందులో బోల్తా పడుతుంటారు. చాలామటుకు తప్పు బొమ్మ దగ్గరే జరుగుతుంది.

మొదటి లెక్క:
ప్రమేయం: (సైన్ వై) / వై
లోపల: వై, ఎక్స్ నుంచి π వరకు
బయట: ఎక్స్, 0 నుంచి π వరకు

లోపలి ఇంటిగ్రల్ దగ్గరే బండి ఆగిపోతుంది. మనకు తెలిసిన బీజీయ, త్రికోణమితి, ఘాత, లాగ్ ప్రమేయాలతో (సైన్ వై) / వై కి ఇంటిగ్రల్ రాయడం కుదరదు. బై పార్ట్స్‌తో ఎంత కుస్తీ పట్టినా పేజీ నిండుతుంది తప్ప లెక్క తెగదు.

అందుకని వరస మార్చి, ముందు ఎక్స్ తో, తర్వాత వై తో చేద్దాం. బొమ్మ వేయండి. వై = ఎక్స్, వై = π, ఎక్స్ = 0 అనే మూడు గీతల మధ్య (0, 0), (0, π), (π, π) శీర్షాలుగా ఒక త్రిభుజం వస్తుంది. ఇచ్చిన హద్దులు దీన్ని నిలువు పట్టీలుగా కోశాయి. ఇప్పుడు పెన్సిల్‌ను అడ్డంగా పట్టుకుని ఎడమ నుంచి కుడికి తోయండి. మొన ఎక్స్ = 0 దగ్గర త్రిభుజంలోకి దూరుతుంది, వై = ఎక్స్ గీత దగ్గర బయటపడుతుంది. ఆ గీత సమీకరణాన్ని ఎక్స్ = వై అని తిప్పి రాసుకోండి. కాబట్టి లోపల ఎక్స్, 0 నుంచి వై వరకు. పెన్సిల్‌ను కింద నుంచి పైకి జరిపితే త్రిభుజం 0 దగ్గర మొదలై π దగ్గర ముగుస్తుంది. బయటి హద్దులు అవే.

ఇప్పుడు లోపల ఎక్స్ మీద చేస్తున్నాం కనుక (సైన్ వై) / వై స్థిరాంకం. దాన్ని పట్టీ పొడవు వై తో గుణిస్తే మిగిలేది సైన్ వై. 0 నుంచి π వరకు దాని ఇంటిగ్రల్ 2.

హద్దులను ఉన్నవున్నట్టు అటూ ఇటూ మార్చేస్తే? బయట ‘ఎక్స్ నుంచి π’ వచ్చి కూర్చుంటుంది, జవాబులో ఎక్స్ మిగిలిపోతుంది. బయటి హద్దుల్లో అక్షరం కనబడిందంటే కలం దించి, మళ్లీ బొమ్మకు వెళ్లండి.

రెండోది కాస్త మొండిది.
ప్రమేయం: ఎక్స్ × వై
లోపల: వై, ఎక్స్² నుంచి 2 − ఎక్స్ వరకు
బయట: ఎక్స్, 0 నుంచి 1 వరకు

పరావలయం, సరళరేఖ (1, 1) దగ్గర కలుస్తాయి. పెన్సిల్‌ను అడ్డంగా తోస్తూ పైకి జరపండి. వై 1 దాటేదాకా మొన పరావలయం దగ్గర బయటపడుతుంది, ఆ పైన సరళరేఖ దగ్గర. బయటపడే గీత మారిన చోట ఇంటిగ్రల్‌ను రెండు ముక్కలు చేయాల్సిందే.

వై 0 నుంచి 1: ఎక్స్ 0 నుంచి √వై. విలువ 1/6.
వై 1 నుంచి 2: ఎక్స్ 0 నుంచి 2 − వై. విలువ 5/24.
మొత్తం 3/8.

ముక్కలు చేయడం మరిచి వై 0 నుంచి 2 వరకు √వై తోనే లాగిస్తే 4/3 వస్తుంది. పరీక్ష హాల్లో అది తప్పని జవాబు చూసి పట్టుకోలేరు. అందుకని హద్దులు రాయగానే ప్రమేయం స్థానంలో 1 పెట్టి వైశాల్యం సరిచూసుకోండి. పాత వరసలో 2 − 1/2 − 1/3 = 7/6. కొత్త వరసలో 2/3 + 1/2 = 7/6. నిమిషం పట్టని పని, కానీ హద్దుల్లో తప్పుంటే దాదాపు ఎప్పుడూ ఇక్కడే బయటపడుతుంది.

పరావలయాన్ని తిప్పి రాసేటప్పుడు √వై కి ముందు గుర్తు కూడా చూసుకోవాలి. ప్రాంతం వై అక్షానికి ఎడమ పక్కన ఉంటే −√వై.

ఇంతకీ వరస ఎప్పుడు మార్చినా ఫర్వాలేదా? హద్దులున్న మూసిన ప్రాంతం మీద ప్రమేయం అవిచ్ఛిన్నమైతే నిశ్చింతగా మార్చవచ్చు. ఇంకా విస్తృతమైన షరతులతో ఇటలీ గణితవేత్త గైడో ఫుబినీ 1907లో నిరూపించిన సిద్ధాంతం ఆయన పేరుతోనే ఉంది. షరతు తప్పితే ఏమవుతుందో స్వయంగా చూడండి: (ఎక్స్² − వై²) / (ఎక్స్² + వై²)² ను 0 నుంచి 1 చతురస్రం మీద ముందు వై తో చేస్తే π/4, ముందు ఎక్స్ తో చేస్తే −π/4. మూలబిందువు దగ్గర ఈ ప్రమేయం పరిమాణం హద్దు లేకుండా పెరిగిపోతుంది. చిక్కంతా అక్కడే.

అభ్యాసం: ప్రమేయం 1 / (వై³ + 1), లోపల వై √ఎక్స్ నుంచి 2, బయట ఎక్స్ 0 నుంచి 4. జవాబు (లాగ్ 9) / 3, సహజ లాగరిథమ్. వరస మార్చాక లోపలి పైహద్దు వై² రాకపోతే బొమ్మ మళ్లీ వేయండి. వచ్చే భాగంలో వృత్తాకార ప్రాంతాలు, ధ్రువ నిరూపకాలు.