ఐర్లండ్ పాడి రైతు 170 కిలోల నత్రజని పరిమితికి లోబడి ఎలా నడుచుకోవాలి?

ఐర్లండ్‌లో ఆవుల్ని మేపే రైతుకు పాల ధర ఎంత ముఖ్యమో, పేడ లెక్క కూడా అంతే ముఖ్యం. హెక్టారు భూమికి ఏడాదిలో పశువుల పేడ, మూత్రాల ద్వారా చేరే నత్రజని 170 కిలోలు దాటకూడదు. యూరోపియన్ యూనియన్ 1991లో తెచ్చిన నైట్రేట్స్ డైరెక్టివ్ అనే చట్టం పెట్టిన హద్దు ఇది. మన లెక్కలో ఎకరానికి 69 కిలోలన్నమాట. మధ్యరకం పాలిచ్చే ఆవులైతే సుమారుగా నాలుగెకరాలకు మూడు. దాటితే యూరోపియన్ యూనియన్ నుంచి వచ్చే రైతు సాయంలో కోత పడుతుంది.

ఈ హద్దు పాటించడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. జనవరిలోనే కూర్చుని లెక్క వేసుకోవాలి. అప్పుడు వేసినవాడికి నాలుగు దారులుంటాయి, అక్టోబరులో వేసినవాడికి ఒకటో అరో మిగులుతుంది. కింద ఉన్న అంకెలు, ఆ డైరెక్టివ్‌ను అమలు చేయడానికి ఐర్లండ్‌లో 2022 నుంచి 2025 వరకు నడిచిన ఐదో నైట్రేట్స్ కార్యక్రమానివి. కార్యక్రమం మారినప్పుడల్లా అంకెలు కూడా మారతాయి కాబట్టి, ఏ ఏడాదికి లెక్క వేస్తున్నారో ఆ ఏటి పట్టికనే ముందు పెట్టుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ముందుగా, ఈ హద్దు ఎందుకు?

ఆవు తిన్న మేతలోని నత్రజనిలో కొంతే పాలలోకి, మాంసంలోకి వెళ్తుంది. చాలావరకు పేడలో, మూత్రంలో బయటికొస్తుంది. ఎండాకాలంలో గడ్డి దాన్ని పీల్చుకుంటుంది. శరదృతువు వచ్చేసరికి గడ్డి ఎదుగుదల మందగిస్తుంది, వానలు ఎక్కువవుతాయి. మిగిలిపోయిన నత్రజని నైట్రేటుగా మారి నీళ్లతో పాటు కిందికి దిగిపోతుంది. ఐర్లండ్ దక్షిణ, ఆగ్నేయ ప్రాంతాల్లో నేల తేలికైనది, నీరు త్వరగా ఇంకిపోతుంది. స్లేనీ, బారో, నోర్, ష్యూర్, బ్లాక్‌వాటర్ నదుల్లో నైట్రేటు సమస్య తీవ్రంగా ఉండటానికి ఇదొక కారణం. ఆ నదులు సముద్రంలో కలిసేచోట నాచు విపరీతంగా పెరిగి, నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఎంత పాలు ఉత్పత్తి చేయొచ్చో కట్టడి చేసే పాల కోటాల్ని 2015లో ఎత్తేశాక అక్కడ ఆవుల మందలు బాగా పెరిగాయి. దాంతో ఈ చర్చ ఊరూరా వాడిగా సాగుతోంది.

తెలుగు రాష్ట్రాల్లో హెక్టారుకు ఇంత అని కొలిచే ఇలాంటి చట్టం లేదు. కానీ నైట్రేటు మనకు కొత్త కాదు. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన భారతీయ ప్రమాణమే చెబుతోంది, యూరప్‌లో అది 50. బోరునీళ్లలో నైట్రేటు ఎక్కువైతే పసిపిల్లల రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గిపోతుంది. ఊరి శివార్లలో కాస్త జాగాలో పాతిక గేదెల్ని కట్టేసి, పేడంతా పక్కనే కుప్ప పోసే షెడ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట ఈ లెక్క ఒక్కసారి వేసి చూసినా కళ్లు తెరుచుకుంటాయి.

మొదటి అడుగు: పశువుల్ని నత్రజనిలోకి మార్చండి

ఎవరి ఆవు పేడనూ ఎవరూ తూచరు. ఒక్కో రకం పశువుకు ఏడాదికి ఇన్ని కిలోలని ప్రభుత్వమే పట్టిక ఇస్తుంది. పాడి ఆవుల్ని 2023 నుంచి పాల దిగుబడిని బట్టి మూడు తరగతులు చేశారు. మందలో ఆవు సగటున ఏడాదికి 4,500 కిలోల లోపు పాలిస్తే 80 కిలోల నత్రజని. 6,500 లోపైతే 92 కిలోలు. ఆపైన 106. ఏడాది దాటి రెండేళ్లలోపున్న పెయ్యకు 57 కిలోలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కార్క్ కౌంటీలో 40 హెక్టార్ల రైతు. మధ్య తరగతి పాలిచ్చే ఆవులు 75, పెయ్యలు 15. చిన్న దూడలకు వేరే రేటుంది, లెక్క తేలిగ్గా ఉండాలని ఇక్కడ వాటిని వదిలేస్తున్నాను. నిజం లెక్కలో మాత్రం వదలకండి.

ఆవులు: 75 × 92 = 6,900 కిలోలు.
పెయ్యలు: 15 × 57 = 855 కిలోలు.
మొత్తం 7,755. దీన్ని 40తో భాగిస్తే హెక్టారుకు 194 కిలోలు.

అనుమతి ఉన్నది 40 × 170 = 6,800. అంటే 955 కిలోలు ఎక్కువ.

ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది. ఇదే మంద సగటు 6,500 కిలోలు దాటితే ఆవులు ఒక్కటి కూడా పెరగకుండానే 75 × 106 = 7,950 అవుతుంది. ఆవుల వాటానే హెక్టారుకు దాదాపు 199 కిలోలు. దాణా పెంచి పాలు పెంచాలనుకునే రైతు ఆ పాల డబ్బుతో పాటు ఈ లెక్క కూడా చూసుకుని నిర్ణయించుకోవాలి. సగటు 6,500 గీతకు దగ్గర్లో ఉన్న మందకైతే ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న.

ఇంకో సంగతి. 170 అన్నది పశువుల ఎరువుకు మాత్రమే. బస్తాల్లో కొనే రసాయన నత్రజనికి వేరే పరిమితి, వేరే రికార్డు ఉన్నాయి. ఆ రెంటినీ కలిపి కంగారు పడొద్దు.

రెండో అడుగు: భూమి లెక్క సరిచూసుకోండి

ఏటా రైతు సాయం దరఖాస్తులో చూపించిన అర్హమైన భూమే భాగహారానికి పనికొస్తుంది. ఇల్లు, షెడ్లు, పెరడు లెక్కలోకి రావు. కౌలు భూమి పనికొస్తుంది, అయితే ఆ రైతే దాన్ని నిజంగా సాగు చేస్తుండాలి. కాగితం మీద కౌలు చూపించి అంకె దించుకోవాలనుకుంటే తనిఖీలో దొరికిపోతారు.

మూడో అడుగు: పశువుల కదలిక మీద కన్నేయండి

ఐర్లండ్‌లో ప్రతి పశువుకూ చెవి పోగు నంబరుంటుంది. పుట్టినా, అమ్మినా, చచ్చినా ప్రభుత్వ కంప్యూటర్లో ఎక్కుతుంది. అక్కడి వ్యవసాయ శాఖ ఆ లెక్కల్లోంచే రైతుకు ఏడాదిలో చాలాసార్లు నత్రజని పట్టీ తయారుచేసి ఆన్‌లైన్‌లో పెడుతుంది. వచ్చిన ప్రతిసారీ తెరిచి, మీ సొంత లెక్కతో పోల్చండి.

పశువు మీ దగ్గర ఉన్నంత కాలానికే దాని నత్రజని మీ ఖాతాలో పడుతుంది. అందుకే అమ్మే నెల కీలకం. ఫిబ్రవరి చివర్లో ఒక ఆవును అమ్మేస్తే పది నెలల లెక్క, అంటే సుమారు 77 కిలోలు తగ్గుతాయి. అదే ఆవును అక్టోబరు చివర్లో అమ్మితే తగ్గేది 15 కిలోలే. పాలు తగ్గిన ఆవునో, మాటిమాటికీ కుంటే ఆవునో తీసేయాలని ఎలాగూ అనుకున్నప్పుడు, వసంతంలోనే తీసేయడం మేలు.

నాలుగో అడుగు: మిగులును ఎలా దించాలి?

మన ఉదాహరణలో 955 కిలోలు దించాలి. దారులన్నీ సమానం కావు. నేనైతే ఈ వరుసలో ఆలోచించమంటాను.

మొదట పెయ్యలు. వాటిని పాడి లేని మరో రైతు దగ్గర ఒప్పందం మీద పెంచడానికిస్తే 855 కిలోలు ఆ రైతు ఖాతాకు మారతాయి. జనవరి ఒకటికే పంపితేనే ఈ పూర్తి అంకె. ఇప్పుడు మిగిలినది 6,900 కిలోలు, హెక్టారుకు 172.5. రెండు ఆవుల్ని తగ్గించుకుంటే 6,716కి దిగి 168 అవుతుంది. లేదా ఒక్క హెక్టారు కౌలుకు తీసుకుంటే 6,900ని 41తో భాగించాలి, 168.3 వస్తుంది. రెండు నిర్ణయాలతో పని తీరిపోయింది.

తరవాతి దారి ఎగుమతి. పేడ, మూత్రం కలిసిన చిక్కటి ద్రవాన్ని, అంటే స్లర్రీని, వేరే రైతుకు ఇవ్వడం. అందరికీ ముందు తట్టేది ఇదే, నేను మాత్రం వెనక్కి నెడతాను. కారణం అంకెల్లోనే ఉంది. పాత నిబంధనల్లో ఘనమీటరు పశువుల స్లర్రీలో 5 కిలోల నత్రజని ఉన్నట్టు లెక్క కట్టేవారు. ఐదో కార్యక్రమంలో దాన్ని 2.4 చేశారు. 955 కిలోలు దించాలంటే ఒకప్పుడు 191 ఘనమీటర్లు పంపితే సరిపోయేది, ఈ లెక్కలో 398 కావాలి. పాడి ఆవుకు వారానికి 0.33 ఘనమీటరు స్లర్రీ నిల్వ అవసరమని నిబంధన. కార్క్ ప్రాంతంలో 16 వారాల నిల్వ ఉండాలి. 75 ఆవులకు ఆ నిల్వ 396 ఘనమీటర్లు. అంటే ఆవుల చలికాలపు స్లర్రీ మొత్తాన్ని పొలం దాటించినా ఇంకా రెండు ఘనమీటర్లు తక్కువే! దాంతో పాటు భాస్వరం, పొటాష్ కూడా పోతాయి, వాటిని మళ్లీ డబ్బు పెట్టి కొనాలి. ట్యాంకరు తిప్పే ఖర్చు దీనికి అదనం.

ఎగుమతి తప్పనిసరైతే వేసవిలోనే చేయండి. తీసుకునే రైతు కూడా తన 170 లోపే ఉండాలి, కాబట్టి అతని లెక్క ముందే అడగండి. తరలించిన వెంటనే ఆన్‌లైన్‌లో నమోదు చేయండి. నమోదు కాని ట్యాంకరు ప్రభుత్వ లెక్కలో మీ పొలం దాటనట్టే.

మూడో దారి, డెరోగేషన్ అనే ప్రత్యేక అనుమతి. దీనికి దరఖాస్తు చేసుకున్న రైతుకు 250 కిలోల దాకా వీలుండేది. నీటి నాణ్యత దెబ్బతిన్న ప్రాంతాల్లో 2024 జనవరి నుంచి దాన్ని 220కి తగ్గించారు. పొలంలో కనీసం 80 శాతం గడ్డిభూమి ఉండాలి, మట్టి పరీక్షలు, ఎరువుల ప్రణాళిక, సున్నం ప్రణాళిక వంటి షరతులు పాటించాలి. ఇంత పని పెట్టుకోగలవాళ్లకే అది దారి. పై ఉదాహరణలోని రైతుకు పెయ్యల్ని పంపడం చాలా తేలిక అనిపిస్తుంది నాకు.

ఒక అపోహ తీరుద్దాం. దాణాలో ప్రోటీన్ తగ్గించినా, స్లర్రీని గాలిలోకి చిమ్మకుండా గొట్టాలతో నేల మీదికే వదిలే యంత్రం వాడినా, పట్టికలోని 92 కిలోలు 92గానే ఉంటాయి. గాలికి పోయే అమ్మోనియా తగ్గుతుంది, పైరుకు నత్రజని బాగా అందుతుంది, బస్తాల ఖర్చు కలిసొస్తుంది. చేయాల్సిన పనులే. హెక్టారు లెక్క మాత్రం వాటితో తగ్గదు. ఆ యంత్రం వాడటం కూడా ఒక స్థాయి దాటిన పొలాలకు తప్పనిసరి అయింది, ఏటేటా ఆ స్థాయిని కిందికి దించుతూ వచ్చారు.

ఐదో అడుగు: ఎప్పుడు, ఎక్కడ చల్లాలి

170 లోపు ఉన్నంత మాత్రాన సరిపోదు. అక్టోబరు 1 నుంచి స్లర్రీ చల్లకూడదు. కార్క్, టిప్పరరీ, వెక్స్‌ఫర్డ్ వంటి దక్షిణ కౌంటీల్లో జనవరి 12 దాకా, కెర్రీ, గాల్వే, మీత్ వంటి చోట్ల 15 దాకా, డొనెగాల్, కావన్ వంటి ఉత్తర కౌంటీల్లో 31 దాకా నిషేధం. అందుకే ఉత్తరాదిన నిల్వ కూడా 20, 22 వారాలకు ఉండాలి.

సెప్టెంబరు ముగిసేసరికి ట్యాంకు ఖాళీగా ఉండాలి. కప్పు మీది వాననీరు ట్యాంకులోకి పోకుండా వేరే కాలువలోకి మళ్లించండి. తక్కువ ఖర్చుతో ట్యాంకులో ఎక్కువ చోటు మిగిల్చే పని ఇదొక్కటే. చాలా పొలాల్లో విరిగిన గట్టర్లే సగం సమస్య.

చల్లే రోజున వాతావరణ సూచన చూడండి. 48 గంటల్లో భారీ వాన ఉందంటే చల్లకూడదు. నేల నీళ్లతో నానినా, గడ్డకట్టినా, మంచు కప్పినా అంతే. వాగు, కాలువ గట్టు నుంచి 5 మీటర్లు వదలాలి. నిషేధానికి ముందు రెండు వారాలు, అది ముగిశాక రెండు వారాలు ఆ దూరం 10 మీటర్లు. చెరువు, సరస్సు ఒడ్డు నుంచి 20 మీటర్లు. ఇంటి బావి, బోరు నుంచి 25. ఊరందరికీ నీళ్లిచ్చే పెద్ద బావికైతే 200 మీటర్ల దాకా వదలాలి. ట్రాక్టరు నడిపే కూలీకి ఈ దూరాలు తెలియకపోతే రైతుకు తెలిసినా ఉపయోగం లేదు. పొలం పటం గీసి, వదలాల్సిన చోట్లను ఎర్రరంగుతో గుర్తుపెట్టి ట్రాక్టరు క్యాబిన్‌లో అంటించండి.

ఆరో అడుగు: కాగితాలు

పశువుల సంఖ్య, భూమి, కొన్న ఎరువులు, దాణా, బయటికి పంపిన స్లర్రీ, కౌలు పత్రాలు, పెయ్యల్ని పెంచే ఒప్పందం, మట్టి పరీక్షలు అన్నీ ఒకేచోట ఉండాలి. వ్యవసాయ శాఖతో పాటు స్థానిక కౌన్సిల్ మనుషులు కూడా తనిఖీకి వస్తారు. లెక్క పట్టడం ఇబ్బందిగా ఉంటే, చాగస్క్ అనే ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ సలహాదారులు సాయం చేస్తారు.

సంవత్సరంలో మూడుసార్లు కూర్చోండి. జనవరిలో పూర్తి అంచనా. జూన్‌లో అప్పటిదాకా పడిన నత్రజనితో పాటు, మిగిలిన ఆరు నెలలకు ఇవే పశువులుంటే ఎంతవుతుందో లెక్క. ఎగుమతి చేయాలో వద్దో ఆరోజే తేల్చేయండి, ఎందుకంటే అక్టోబరు మొదలయ్యాక తీసుకునే రైతు దాన్ని తన ట్యాంకులో దాచుకోగలడే గానీ పొలంలో చల్లలేడు. మూడోసారి సెప్టెంబరు మొదట్లో. అప్పటికి అంచనా 165 దాటి కనిపిస్తే, తీసేయాలనుకున్న ఆవుల్ని డిసెంబరు దాకా ఆపకుండా ఆ నెలలోనే సంతకు తోలేయండి.