కమొడోర్ 64 కీబోర్డును ఇప్పటి కంప్యూటర్‌కు తగిలించడం ఎలా?

1982లో అమ్మకానికి వచ్చిన కమొడోర్ 64లో కంప్యూటర్ మొత్తం కీబోర్డు కిందే ఉంటుంది. లోపలి బోర్డు చచ్చిపోయినా పైన ఉన్న 66 కీలు చాలాసార్లు బాగానే పనిచేస్తుంటాయి. ఆ కీబోర్డుకు ఒక్క తీగ కూడా కోయకుండా దాన్ని యూఎస్‌బీ కీబోర్డుగా వాడుకోవచ్చు. కోయకుండా అని గట్టిగానే చెబుతున్నాను. దీన్ని చేసిన కమొడోర్ కంపెనీ 1994లో దివాలా తీసింది, ఆనాటి కీబోర్డులు ఎన్ని మిగిలాయో అన్నే. అసలు మీ మిషన్ ఆన్ అవుతుంటే ఈ పని పెట్టుకోకండి, దాన్ని దానిలాగే ఉంచండి.

ఇంకో జాగ్రత్త. పాత కంప్యూటర్ల కీబోర్డులన్నీ ఒక్క రకం కావు. కమొడోర్ 64, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కీబోర్డుల్లో ఉన్నవి వట్టి స్విచ్చులు, తీగలే. ఆపిల్ 2 కీబోర్డు తనే అక్షరం కోడ్ తయారుచేసి పంపుతుంది. 1984లో మొదలైన ‘క్లాస్’ అనే బడి కంప్యూటర్ చదువుల పథకం కింద మన దేశంలో బడులకు వచ్చిన బీబీసీ మైక్రో కీబోర్డు మీద స్కానింగ్ చిప్పులు ఉంటాయి, దానికి 5 వోల్టులు ఇవ్వాలి. కింద చెప్పేది కమొడోర్ 64కు మాత్రమే.

కావలసినవి

ప్రో మైక్రో బోర్డు (ఆర్డ్యూయినో సాఫ్ట్‌వేర్‌తో ప్రోగ్రామ్ చేసుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) ఒకటి, 20 పిన్నుల హెడర్ స్ట్రిప్ (వరుసగా పిన్నులున్న పట్టీ), జంపర్ వైర్లు, మల్టీమీటర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఆర్డ్యూయినో ఊనో ఆర్3 కొనకండి. ప్రో మైక్రోలోని ఏటీమెగా 32యూ4 చిప్ తనే యూఎస్‌బీ కీబోర్డులా కంప్యూటర్‌కు పరిచయం చేసుకుంటుంది, ఊనో ఆర్3లోని ప్రధాన చిప్‌కు ఆ వీలు లేదు.

1. ముందు శుభ్రం చేయండి

కీ క్యాపులను వైర్ పుల్లర్‌తో నిలువుగా లాగండి. స్క్రూడ్రైవర్‌తో పక్కనుంచి ఎత్తబోయి ఒకసారి కీ కింది కాండం విరగ్గొట్టాను, దానికి విడి భాగం వెతకడానికి నెలలు పట్టింది. స్ప్రింగులు డబ్బాలో వేసుకోండి. కీలు సరిగ్గా పడకపోతే వెనక సర్క్యూట్ బోర్డు విప్పి కాంటాక్టులను ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవాలి. దానికి చిన్న స్క్రూలు చాలానే తియ్యాలి, షిఫ్ట్ లాక్ దగ్గర రెండు తీగల సోల్డర్ కూడా ఊడదీయాలి. అన్ని కీలూ పడుతుంటే అంత దూరం పోకండి.

2. ఏ కీ ఏ తీగల మీద ఉందో చూడండి

అసలు పని అంతా ఇక్కడే ఉంది. 66 కీలకు 66 తీగలు ఉండవు. 8 వరుసలు, 8 నిలువులు గళ్ల నుడికట్టులా అడ్డంగా నిలువుగా పోతాయి. కీ నొక్కితే ఒక వరుస, ఒక నిలువు కలుసుకుంటాయి.

కీబోర్డు తీగల చివరనున్న కనెక్టర్‌లో 1వ పిన్ గ్రౌండ్. 2వ చోట పిన్ ఉండదు, తిరగేసి పెట్టకుండా ఆ ఖాళీ కాపాడుతుంది. 3 రిస్టోర్ కీ, 4 ఐదు వోల్టులది, మనకు అక్కర్లేదు. 5 నుంచి 12 దాకా వరుసలు, 13 నుంచి 20 దాకా నిలువులు.

మల్టీమీటర్ ముళ్లు 10, 19 పిన్నుల మీద పెట్టి ‘ఏ’ కీ నొక్కండి, రీడింగ్ వస్తుంది. 7, 19 మీద పెడితే ‘ఎస్’. 10, 18 మీద ‘డి’. బీప్ మోడ్‌లో పెట్టి శబ్దం రాలేదని టెన్షన్ పడకండి. ఈ కాంటాక్టులు కార్బన్‌వి, వాటి రెసిస్టెన్స్‌కు కొన్ని మీటర్లు బీప్ కొట్టవు. ఓమ్స్‌లో పెట్టి అంకె చూడండి. దొరికిన ప్రతి జతనూ కాగితం మీద గళ్లు గీసి రాసుకోండి. ఒక సాయంత్రం పడుతుంది. ఆ కాగితం చేతిలో ఉంటే తర్వాతి పనిలో తడబాటు ఉండదు.

3. వైరింగ్

హెడర్ స్ట్రిప్‌లో 2వ పిన్ తీసేస్తే కీబోర్డు కనెక్టర్ దాని మీద అలాగే కూర్చుంటుంది. 8 వరుసలను ప్రో మైక్రో 2 నుంచి 9 పిన్నులకు, 8 నిలువులను 10, 14, 15, 16, ఏ0, ఏ1, ఏ2, ఏ3లకు కలపండి. రిస్టోర్ తీగను ఆర్‌ఎక్స్ పిన్‌కు, గ్రౌండ్‌ను గ్రౌండ్‌కు. రిస్టోర్ ఈ గళ్లలో లేదు, నొక్కితే నేరుగా గ్రౌండ్‌కు తగులుతుంది.

4. ప్రోగ్రామ్

ప్రో మైక్రోలోకి ఎక్కించే ప్రోగ్రామ్‌లో వరుసలన్నిటికీ ‘ఇన్‌పుట్ పులప్’ (కీ నొక్కనంతసేపూ పిన్‌ను ‘హై’గా, అంటే వోల్టేజీతో ఉంచే సెట్టింగ్) పెట్టండి. నిలువులను ఒక్కొక్కటిగా ‘లో’ (సున్నా వోల్టులు) చేసి, కొన్ని మైక్రోసెకన్లు ఆగి, వరుసలు చదవండి. వంతు రాని నిలువులను హైలో ఉంచకండి, ఇన్‌పుట్‌గా వదిలేయండి. లేకపోతే ఒకే వరుసలో రెండు కీలు నొక్కగానే హై, లో కలిసిపోయి చిప్ పాడవ్వచ్చు. కీ స్థితి 5 మిల్లీసెకన్లు నిలకడగా ఉంటేనే నొక్కినట్టు లెక్క.

ఈ గళ్లలో డయోడ్లు (కరెంటును ఒక్క వైపే పోనిచ్చేవి) లేవు కాబట్టి ఒక చిక్కు ఉంది. ఏ, ఎస్, డి మూడూ కలిపి నొక్కి చూడండి, మీరు ముట్టుకోని ‘ఎఫ్’ కూడా పడుతుంది. ఆ నాలుగు కీలూ రెండు వరుసల, రెండు నిలువుల మూలల్లో ఉన్నాయి. మూడు మూలలు కలిస్తే కరెంటు నాలుగోదాకా చుట్టి వస్తుంది. రెండు నిలువుల్లో ఒకే రెండు వరుసలు ఒకేసారి కనబడితే ఆ స్కాన్‌ను వదిలేసేలా రాయండి.

5. ఏ కీకి ఏ అక్షరం?

కీ మీద అచ్చేసిన గుర్తునే పంపాలా, ఇప్పటి కీబోర్డులో ఆ చోట ఉన్న కీని పంపాలా? రోజూ టైపింగ్‌కైతే చోటు ప్రకారమే మంచిదని నా అభిప్రాయం. పి పక్కనున్న ‘@’ కీని చదరపు బ్రాకెట్‌గా, ‘:’ను సెమీకోలన్‌గా, ‘;’ను సింగిల్ కోట్‌గా పంపండి. అలా చేస్తే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక కూడా చక్కగా కుదురుతుంది. ఆ మూడు కీలే డ, చ, ట. కుడి చిటికెన వేలికి అలవాటైన చోటే ఉంటాయి.

రన్ స్టాప్‌ను ఎస్కేప్‌గా, కమొడోర్ గుర్తున్న కీని ఆల్ట్‌గా, పౌండ్ గుర్తును బ్యాక్‌స్లాష్‌గా పెట్టుకోవచ్చు.

బాణం కీలు రెండే. ఎడమకు, పైకి వెళ్లాలంటే షిఫ్ట్ పట్టుకోవాలి. షిఫ్ట్‌ను కూడా పంపేస్తే కర్సర్ జరగడంతో పాటు అక్షరాలు సెలెక్ట్ అయిపోతాయి. కాబట్టి ఎడమ బాణం పంపే ముందు షిఫ్ట్ వదిలినట్టు, తర్వాత మళ్లీ పట్టుకున్నట్టు పంపాలి. షిఫ్ట్ లాక్ ఎడమ షిఫ్ట్‌తోనే కలిసి ఉంటుంది. అది కిందికి దిగి ఉంటే ఎడమ షిఫ్ట్ నొక్కి పట్టుకున్నట్టే, కాబట్టి పరీక్షించే ముందు పైకి లేచి ఉందో లేదో చూడండి.

అన్నీ కుదిరాక ప్రో మైక్రోను పాత కేసు లోపలే అమర్చి, యూఎస్‌బీ తీగను వెనక యూజర్ పోర్టు సందులోంచి బయటికి తీయండి. కేసుకు కొత్తగా రంధ్రం వేయాల్సిన పని ఉండదు.