తిండి నడిచే దారి – 2వ పాఠం: పంటికో నంబరు

దంతవైద్యుడు ఇచ్చిన చీటీలో ‘36 – రూట్ కెనాల్’ అని ఉంటే అది ముప్ఫై ఆరో పన్ను కాదు. మనిషికి ఉండేవే 32. ఆ అంకెను ‘మూడు, ఆరు’ అని విడదీసి చదవాలి. ఈ పాఠం పూర్తయ్యేసరికి మీ నోట్లో ఏ పన్ను నంబరెంతో మీరే చెప్పగలగాలి.

మొదటి పాఠంలో నోటి నుంచి మలద్వారం దాకా జీర్ణనాళం మొత్తాన్ని ఒకే గీతగా గీసుకున్నాం. అందులో మనంతట మనం తీరిగ్గా చూసుకోగలిగిన గది నోరొక్కటే. చేతి అద్దం, ఫోను టార్చి, బుగ్గను పక్కకు లాగడానికి ఒక స్టీలు చెంచా, కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

కాగితం మీద పెద్ద కూడిక గుర్తు గీయండి. నిలువు గీత ముందుపళ్ళ నడిమి సందు, అడ్డగీత పై దవడకూ కింది దవడకూ మధ్య హద్దు. పంటి నంబరులో మొదటి అంకె ఈ నాలుగు భాగాల్లో ఏదో చెబుతుంది: మీ పై కుడి భాగం 1, పై ఎడమ 2, కింది ఎడమ 3, కింది కుడి 4. ఎదురుగా నిలబడి చూసేవారికి ఇది గడియారం ముల్లు తిరిగినట్టు ఉంటుంది. పటం కూడా వాళ్ళ కంటితోనే గీస్తారు, కాబట్టి మీ కుడివైపు పళ్ళు కాగితం మీద ఎడమవైపున పడతాయి. అద్దంలో మాత్రం మీ కుడి కుడివైపే కనిపిస్తుంది. కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే: అద్దంలో చూసింది చూసినట్టు దించుతారు, 16 కాస్తా 26 అవుతుంది. ముందు బుగ్గను చేత్తో తాకి ఏ వైపో తేల్చుకుని, ఆ తర్వాత రాయండి.

ఇక రెండో అంకె. నడిమి సందు నుంచి లోపలికి లెక్క. 1, 2 కొరికే పళ్ళు, అంటే కుంతకాలు. 3 కోరపన్ను, పుస్తకాల్లో రదనిక. నోట్లో అన్నిటికంటే పొడవైన వేరు దీనిదే. 4, 5 అగ్రచర్వణకాలు. 6, 7, 8 చర్వణకాలు, మనం దవడపళ్ళు అనేవి. 8 జ్ఞానదంతం; కొందరికి అసలు రాదు, కొందరికి ఎముకలోనే అడ్డం తిరిగి ఉండిపోతుంది. లెక్క తప్పితే కోరపన్ను పట్టుకోండి, అది 3, అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఊడిన పన్ను నంబరు పక్కపంటికి రాదు. 36 తీయించుకున్నవారికి 35 తర్వాత 37 వస్తుంది. క్లిప్పులు వేయించుకున్నవారిలో చాలామందికి 4 తీసేస్తారు, వాళ్ళకి 3 పక్కన 5 ఉంటుంది.

పాలపళ్ళు 20. వాటి భాగాలకు అదే వరుసలో 5, 6, 7, 8 అని నంబర్లు, ఒక్కో భాగంలో పళ్ళు ఐదే. ఈ ‘ఐదే’ అన్నమాట గుర్తుంచుకోండి. ఆరేళ్ళ వయసులో ఐదో పాలపంటి వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, కొత్తగా ఒక పెద్దపన్ను మొలుస్తుంది. అది 16, 26, 36, 46లలో ఒకటి, శాశ్వతదంతం. ఏదీ ఊడలేదు గనుక అదీ పాలపన్నే అనుకుని, పుచ్చినా ‘ఎలాగూ ఊడిపోయేదే’ అని వదిలేస్తారు. దాని తర్వాత ఇంకో పన్ను రాదు. పిల్లల నోట్లో ఒక భాగంలో ముందునుంచి లెక్కపెడితే ఆరో స్థానంలో పన్ను ఉందంటే అది పాలపన్ను కాదు.

మిగతావాటికన్నా ఇదే ముందు పుచ్చడానికి కారణాలున్నాయి. నమిలే ముఖం మీద లోతైన గాళ్ళుంటాయి, కొన్నిచోట్ల బ్రష్ పోచ కూడా దూరనంత సన్నం. పైగా మొలిచేటప్పుడు నెలల తరబడి వరుసకంటే కిందగా ఉంటుంది, నిలువుగా తోమే బ్రష్ దాని మీదుగా జారిపోతుంది. ఆ రోజుల్లో బ్రష్‌ను బుగ్గవైపు నుంచి అడ్డంగా పెట్టి ఆ ఒక్క పంటినీ విడిగా తోమాలి. గాళ్ళను పూతతో మూసే సీలెంట్ పద్ధతి ఉంది, పుచ్చకముందే వేయించాలి.

ఇప్పుడు చిన్న ప్రయోగం. కూర, ఉప్పు కలపని అన్నం ముద్దను మింగకుండా నిమిషం, నిమిషంన్నర నమలండి. సన్నగా తీపి తగులుతుంది. లాలాజలంలోని అమైలేజ్ పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా విడగొట్టడం వల్ల. అంటే జీర్ణక్రియ పంటి దగ్గరే మొదలైంది. గాడిలో ఇరుక్కున్న జంతిక ముక్కకూ ఇదే జరుగుతుంది. ఆ చక్కెరను పాచిలోని బ్యాక్టీరియా తిని ఆమ్లం వదులుతుంది. మిఠాయి ముట్టని పిల్లలకు పళ్ళు ఎందుకు పుచ్చాయని అడిగేవారికి జవాబు ఇదే. ఆమ్లాన్ని కొలిచే అంకె పీహెచ్; ఆమ్లం పెరిగేకొద్దీ అది దిగుతుంది. సుమారు 5.5 కంటే దిగితే పింగాణీపొర, అంటే ఎనామిల్, కరగడం మొదలవుతుంది. లాలాజలం పీహెచ్‌ను మళ్ళీ పైకి తేవడానికి అరగంటో, అంతకంటే ఎక్కువో పడుతుంది. అందుకే భోజనంతోపాటు రెండు లడ్లు తినడం కంటే గంటకోసారి చక్కెర టీ తాగడం పంటికి ఎక్కువ చేటు.

ఎనామిల్ శరీరంలో అన్నిటికంటే గట్టిది, బరువులో 96 శాతం దాకా ఖనిజమే. కానీ అందులో జీవకణాలు లేవు, గుంట పడితే తిరిగి పూడదు. నరాలూ లేవు, కాబట్టి పుచ్చు అక్కడ ఉన్నంతవరకు నొప్పి తెలియదు. దాని కింది డెంటిన్‌లో సన్నని గొట్టాలుంటాయి. చల్లనీళ్ళకు జివ్వుమనేది వాటిలోని ద్రవం కదలడం వల్ల. ఇంకా లోపల మెత్తటి పల్ప్, నరమూ రక్తనాళాలూ. అక్కడ వాపు వస్తే ఉబ్బడానికి చోటుండదు, చుట్టూ గట్టిగోడలు. పడుకుంటే తలలోకి రక్తపు ఒత్తిడి పెరిగి పోటు ఎక్కువవుతుంది. రాత్రిపూట లేపే పంటినొప్పికి లవంగనూనె కాదు, డాక్టరు కావాలి.

చివరగా అద్దంలో 17 ఎదురుగా బుగ్గ లోపలివైపు చూడండి. చిన్న బుడిపె కనిపిస్తుంది. చెవి ముందున్న పెరోటిడ్ గ్రంథి నాళం తెరుచుకునేది అక్కడే. నాలుక ఎత్తితే నడుమ తీగ పక్కన ఇంకో జత రంధ్రాలు. లాలాజలంలోని కాల్షియం పాచిని గట్టిపరిచి గార చేస్తుంది కాబట్టి ఎక్కువ గార ఈ రంధ్రాలకు దగ్గరలోనే పడుతుంది: పై దవడపళ్ళ బుగ్గవైపు, కింది ముందుపళ్ళ వెనకవైపు.

అభ్యాసం: ఎనిమిదేళ్ళ పాప, కింది కుడి భాగం. ముందు రంపపు అంచులతో రెండు పెద్దపళ్ళు, ఆ తర్వాత తెల్లటి చిన్నవి మూడు, చివర ఒక పెద్దపన్ను. నంబర్లు రాయండి. జవాబు: 41, 42, 83, 84, 85, 46. మూడోదానికి 43 అని రాసినవారు పాలపళ్ళ పేరా మళ్ళీ చదవండి. మూడో పాఠంలో ఆ అన్నం ముద్దనే మింగుదాం, కొండనాలుక దగ్గర మొదలుపెట్టి.