వైరస్ హెచ్చరిక మెయిల్ వస్తే నిజమో పుకారో తేల్చుకోవడం ఎలా?

"ఈ మెయిల్ తెరిస్తే హార్డ్ డిస్క్ మొత్తం చెరిగిపోతుంది. తెలిసినవాళ్లందరికీ వెంటనే పంపండి!" ఇలాంటి సందేశం మీకూ ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది. పంపినవారు మీ మేలు కోరేవారే అయి ఉంటారు. చిక్కంతా అక్కడే.

ముందు చివరి వాక్యం చదవండి. "అందరికీ పంపండి" అని ఉంటే అనుమానించండి. నిజమైన వైరస్‌కు మీ సాయం అంతగా అవసరం లేదు. 2000 మే నెలలో వచ్చిన ఐలవ్‌యూ, అటాచ్‌మెంట్ తెరిచినవారి చిరునామాల పుస్తకంలో ఉన్నవారందరికీ తనంతట తానే వెళ్లింది. పుకారుకు అంత శక్తి లేదు, మీరు మోస్తేనే కదులుతుంది.

తర్వాత తేదీ కోసం వెతకండి. 1994లో మొదలైన 'గుడ్ టైమ్స్' పుకారులో, అమెరికా ప్రభుత్వ కమ్యూనికేషన్ల సంస్థ ఎఫ్‌సీసీ "గత బుధవారం" హెచ్చరిక ఇచ్చినట్టు రాశారు. ఏ బుధవారమో లేదు కాబట్టి ఎన్నేళ్ల తర్వాత చదివినా అది నిన్నమొన్నటి కబురులాగే ఉంటుంది. పెద్ద సంస్థ పేరు కనిపిస్తే దాని వెబ్‌సైట్ చిరునామా మీరే టైప్ చేసి చూడండి. సందేశంలోని లింకు మాత్రం నొక్కవద్దు.

అన్నిటికంటే ముఖ్యం: ఏదో ఫైలు తీసేయమంటే తీసేయకండి. 2002లో ఎలుగుబంటి బొమ్మ ఉన్న ఫైలు గురించి ఓ మెయిల్ ఊరూరా తిరిగింది. అది 14 రోజులు నిద్రపోయి ఆ తర్వాత కంప్యూటర్‌ను పాడుచేస్తుందని, యాంటీవైరస్‌కు దొరకదని భయపెట్టింది. వెతికితే నిజంగానే కనిపించేది! ఎందుకంటే అది జావా ప్రోగ్రాముల్లో తప్పులు వెతికేందుకు విండోస్‌లో మైక్రోసాఫ్టే పెట్టిన జేడీబీజీఎంజీఆర్ అనే ఫైలు. కళ్లారా చూశాక ఎవరు నమ్మరు? తమ చేత్తో తామే తీసేసి, అదే సలహా పదిమందికీ పంపారు. ఈ ఎత్తు వేసినవాడి తెలివిని మెచ్చుకోక తప్పదు, ఒక్క వరుస ప్రోగ్రాం కూడా రాయలేదు మరి. కాబట్టి ఫైలు పేరును ఇంటర్నెట్‌లో వెతికి, అది దేనికోసమో తెలుసుకోండి. అనుమానం తీరకపోతే యాంటీవైరస్‌ను తాజా చేసి స్కాన్ చేయండి.

ఇప్పటికే తీసేసి ఉంటే, రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేయనంతవరకు అందులోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇప్పటికే పంపేసి ఉంటే, ఎవరెవరికి పంపారో వారికే "అది పుకారు, పట్టించుకోకండి" అని రెండు ముక్కలు రాయండి. పాత సందేశాన్ని కింద అతికించవద్దు. పై మాట వదిలేసి దాన్నే మళ్లీ పంపేవారు ఎప్పుడూ ఒకరుంటారు. మీకు పంపిన వ్యక్తికి మాత్రం గ్రూపులో నలుగురి ముందు కాకుండా విడిగా చెప్పండి.