తుఫానులో సిగ్నల్ పోతే: చెన్నై ఇళ్లకు వాకీటాకీ ఏర్పాటు

2015 వరదైనా, 2016 వర్దా తుఫానైనా, 2023 మిచౌంగ్ తుఫానైనా చెన్నైలో వరస ఒకటే. ముందు కరెంటు తీసేస్తారు, కొన్ని గంటలకు టవర్ల బ్యాటరీలు దిగిపోతాయి, టవర్ల జనరేటర్లకి డీజిల్ తెచ్చే బండి ఆ నీళ్లలో రాలేదు, ఇక ఫోన్ చేతిలో ఉన్నా టార్చిలైటుకే. వేళచ్చేరిలో కింది ఇంట్లో అత్తయ్య, ఆదంబాక్కంలో మీరు ఉన్నారనుకోండి, అప్పుడేం చేస్తారు?

ముందు సెల్స్‌తో నడిచే మామూలు రేడియో ఒకటి కొనండి. వార్తలకి ఆకాశవాణి ఎఫ్ఎం 101.4 ఉంది. సెల్స్ మాత్రం విడిగా దాచండి, లోపలే వదిలేస్తే కారి సెట్టు పాడవుతుంది.

మాట్లాడుకోవడానికి 446.0-446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే చిన్న వాకీటాకీలు చాలు, వీటికి లైసెన్సు అక్కర్లేదు. కొనేముందు ఆ ఫ్రీక్వెన్సీ, ప్రభుత్వ ఈటీఏ (ఆ రకం సెట్టుకి ఇచ్చే) ఆమోదం రెండూ చూడండి. డబ్బా మీద పది కిలోమీటర్లని రాసుంటే నవ్వుకోండి, మన సందుల్లో కాంక్రీటు మధ్య ఒక కిలోమీటరు వస్తే గొప్ప. ఆపదలో ఎవరడుగుతారులే అని కొందరు లైసెన్సు కావాల్సిన ఐదు వాట్ల సెట్లు తెప్పిస్తారు. అడిగేవాళ్లు లేకపోవచ్చు గానీ, మీ మాట వెళ్లి సహాయ బృందాల మాటల మీద పడితే? అంత పవర్ కావాలంటే ఆసాక్ అనే ప్రభుత్వ పరీక్ష రాసి హ్యామ్ (సరదాకి రేడియో నడిపేవాళ్ల) లైసెన్సు తీసుకోండి. వీధికి సొంత ఎఫ్ఎం పెట్టుకుందామనే ఆలోచన కూడా వద్దు, లైసెన్సు లేకుండా అది నేరం. 2004లో మొదలైన అన్నా ఎఫ్ఎం లాంటి కమ్యూనిటీ రేడియోలకి అనుమతి సంస్థలకే, మనుషులకి ఇవ్వరు.

సెట్టు కొనడం తేలికే, ఎవరు ఎప్పుడు వింటారో ఒప్పందం లేకపోతే అది బొమ్మే. అందరూ ఒకే ఛానెల్, ఒకే కోడ్ (సెట్టులో ఎంచుకునే నంబరు) పెట్టుకోండి. కోడ్ పెడితే మన మాట రహస్యమైపోదు, అదే ఛానెల్లో వేరేవాళ్ల గోల మనకి వినబడదు, అంతే. రోజంతా ఆన్ చేసి ఉంచకండి. ప్రతి గంట మొదట్లో ఐదు నిమిషాలు విని ఆపేస్తే బ్యాటరీ రోజుల తరబడి వస్తుంది. బటన్ నొక్కాక ఒక్క క్షణం ఆగి మాట్లాడండి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. ముందు పేరు, తర్వాత ఎక్కడున్నారు, ఏం కావాలి. కథలు తర్వాత.

రెండిళ్ల మధ్య అందకపోతే దారిలో ఎత్తు మేడ మీద మూడోమనిషిని పెట్టండి, ఒకరి మాట విని ఇంకొకరికి అప్పజెప్పడమే ఆయన పని. ఉరుములుంటే మాత్రం ఆయన్ని కిందికి దిగిపొమ్మనండి, కిటికీ దగ్గర నుంచి ఎంత అందితే అంత. మీ ఇంట్లో కంప్యూటర్ల పిచ్చి ఉన్న అబ్బాయి ఉంటే మెష్‌టాస్టిక్ అనే చిన్న రేడియో బోర్డులు తెప్పించి, రీజియన్ ఇండియా అని పెట్టి చూడమనండి. 865 మెగాహెర్ట్జ్ దగ్గర లైసెన్సు లేకుండానే చిన్న మెసేజీలు ఒక బోర్డు నుంచి ఇంకోదానికి పాకుతూ వెళ్తాయి. పెద్దవాళ్లకి మాత్రం బటన్ నొక్కే సెట్టే నయం.

ఈశాన్య రుతుపవనాలు రాకముందే, సెప్టెంబరులో ఒక ఆదివారం అందరూ ఫోన్లు ఆపేసి ఒక పూట ఇలాగే మాట్లాడి చూడండి. ఎవరిల్లు అందట్లేదో, ఎవరు సెట్టు ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయారో ఆ పూటే బయటపడుతుంది.